జీప్ టీజే వెనక డానా 35 యాక్సిల్ తీసేస్తున్నా: 8.8 వేయాలా, 44 వేయాలా, ఏకంగా 60కి వెళ్లాలా?

మట్టిబాట
1999 జీప్ రాంగ్లర్ టీజే, 4.0 లీటర్ ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్ (ఏఎక్స్15). వెనక యాక్సిల్ డానా 35, ముందుది డానా 30, రెండింట్లోనూ 3.07 రేషియో (డ్రైవ్ షాఫ్టు అన్నిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది). ఇప్పుడున్నవి 31 అంగుళాల టైర్లు. 33 ఖాయం. 35 మీద ఆశ ఉంది గానీ ఇంకా తేల్చుకోలేదు. వారమంతా రోడ్డు మీదే తిరిగే బండి, సెలవు దొరికితే రాళ్ల దారులు. వెనక లాకర్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా పట్టేది) మాత్రం వేసి తీరాలి.

ఎవర్ని అడిగినా డానా 35 మీద పైసా పెట్టొద్దు అంటున్నారు. సరే, దాని బదులు ఏం పెట్టాలి అంటే మాత్రం తలా ఒక మాట. నాకు వెల్డింగ్ రాదు, కానీ బాగా చేసే మనిషి దగ్గరలోనే ఉన్నాడు. కారణాలతో సహా చెప్పండి, పేర్లు మాత్రమే చెప్తే నా అయోమయం ఇంకా పెరుగుతుంది.

లోరేంజ్
ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్, అదే 8.8. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

నిదానమే_బలం
ఒక్క నిమిషం ఆగండి. 33 టైర్లు, ఓపెన్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మామూలుది), నిదానంగా నడిపే కాలు, ఈ మూడూ ఉంటే డానా 35 ఏళ్ల తరబడి నడుస్తుంది. నాది అలాగే నడుస్తోంది. రాయి అడ్డొస్తే దిగి చూస్తాను, చక్రం గాల్లో తిరుగుతుంటే యాక్సిలరేటర్ వదిలేస్తాను. విరగ్గొట్టుకున్న వాళ్లలో ఎక్కువమంది చక్రం ఎగిరెగిరి పడుతున్నా కాలు తీయని వాళ్లే.

గ్రీజుచేతులు
నిదానమే_బలం గారు చెప్పింది నిజమే, కానీ మట్టిబాట లాకర్ వేస్తానంటున్నాడు. అక్కడే లెక్క మారిపోతుంది.

ఆ ఇంజన్ టార్క్ సుమారు 300 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు 3.83, లో రేంజ్ (రాళ్ల దారికి వాడే నెమ్మది గేరు) 2.72, యాక్సిల్ 3.07. మూడూ గుణిస్తే 32. అంటే చక్రాల దగ్గర 9,600 న్యూటన్ మీటర్ల దాకా ఇచ్చే సత్తా ఉంది. మరి నేల ఎంత తీసుకుంటుంది? వెనక యాక్సిల్ మీద 900 కిలోల బరువు, టైరుకి మంచి పట్టు (0.8 అనుకుందాం), 33 టైరు వ్యాసార్ధం 0.42 మీటర్లు. గుణిస్తే రెండు చక్రాలకూ కలిపి 3,000 దగ్గర వస్తుంది. ఆపైన టైరు జారిపోతుంది. అంటే మామూలుగా షాఫ్టుని కాపాడుతున్నది టైరు జారడమే.

ఇప్పుడు ఒక చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుందనుకోండి. జారే వీలు లేదు. ఓపెన్ డిఫరెన్షియల్ అయితే రెండో చక్రం తిరిగిపోతుంది, రెండు పక్కలా ఒకే టార్క్ కాబట్టి ఇరుక్కున్న వైపు షాఫ్టు మీద కూడా పెద్దగా పడదు. లాకర్ ఉంటే రెండు చక్రాలూ ఒకే కావడికి కట్టినట్టు. గాల్లో ఉన్న చక్రం వంతు కూడా ఇరుక్కున్న వైపు షాఫ్టే మోయాలి. డానా 35 షాఫ్టు 27 స్ప్లైన్లు (షాఫ్టు కొసన ఉండే పళ్లు), మందం సుమారు 1.18 అంగుళాలు. మెలిక తట్టుకునే బలం మందం ఘనంతో పెరుగుతుంది. 8.8 షాఫ్టు 31 స్ప్లైన్లు, 1.32 అంగుళాలు. లెక్కేస్తే అదే ఉక్కుతో 40 శాతం ఎక్కువ బలం. చూడ్డానికి తేడా చిటికెన వేలి గోరంత కూడా ఉండదు.

మట్టిబాట
ఇలా లెక్క కట్టి చెప్పిన వాళ్లు ఇప్పటిదాకా లేరు. మరి డానా 35లోనే 30 స్ప్లైన్ల క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్టులు, లాకర్ కలిపి కిట్ దొరుకుతోంది కదా. అది వేస్తే యాక్సిల్ మార్చకుండా పనైపోదా? ఉన్న బ్రాకెట్లు ఉన్నట్టే ఉంటాయి.

రాతిదారి
షాఫ్టు గట్టిపడుతుంది. మిగతావి? రింగ్ గేర్ (యాక్సిల్ లోపలి పెద్ద పళ్ల చక్రం) అదే 7.56 అంగుళాలు, ట్యూబులు అవే, సీ-క్లిప్పులు అవే. బలహీనత ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగింది, అంతే.

లోరేంజ్
+1

బురదపులి
కిట్ వేసిన వాళ్లలో నేనొకణ్ణి. 33 టైర్లు, ఎయిర్ లాకర్. ఇప్పటికీ ఏమీ కాలేదు. వెల్డింగ్ అక్కర్లేదు, పినియన్ (రింగ్ గేర్‌ని తిప్పే చిన్న గేరు) కోణం గొడవ లేదు, పార్కింగ్ బ్రేకు కేబుళ్ల గొడవ లేదు. అందరూ తేలిగ్గా తీసిపారేస్తున్నారు గానీ 33 దాటను అని గట్టిగా అనుకున్న మనిషికి అది పనికొచ్చే దారే. 35కి వెళ్తే మాత్రం నేను కూడా వద్దనే అంటాను.

రాతిదారి
బురదపులి, నీ లెక్క ఒప్పుకుంటాను. కానీ మట్టిబాటకి రేషియో కూడా మార్చాలి. 3.07తో 33 టైరు లాగలేదు. రింగ్, పినియన్, క్యారియర్ (రింగ్ గేర్ బిగించే గూడు) అన్నీ కొత్తవి కొని డానా 35లో పెట్టడమా? అంత పని చేసేవాడు పెద్ద హౌసింగ్‌లోనే చేసుకోవచ్చు కదా.

సీక్లిప్
సీ-క్లిప్ అంటే ఏమిటో కొత్తవాళ్లకి చెప్తాను, ఈ మాట మీద చాలామంది తడబడతారు. షాఫ్టు లోపలి కొసన ఒక గాడి ఉంటుంది. అందులో గుర్రపు నాడా ఆకారంలో చిన్న ముక్క కూర్చుంటుంది. షాఫ్టు బయటికి జారకుండా పట్టుకునేది ఆ ముక్క ఒక్కటే. ఆ గాడికీ చక్రానికీ మధ్య షాఫ్టు ఎక్కడ విరిగినా బయట మిగిలిన ముక్కని పట్టుకునేది ఏదీ ఉండదు. చక్రం, డ్రమ్ము, విరిగిన ముక్క అన్నీ కలిసి పక్కకి నడిచి వచ్చేస్తాయి.

కొండమలుపు
అది కళ్లారా చూశాను. ముందు వెళ్తున్న స్నేహితుడి టీజే, రాతి మెట్టు ఎక్కుతుంటే ఠంగుమని ఒక్క శబ్దం. ఇంజన్ తిరుగుతోంది, బండి కదలదు. కిందికి వంగి చూస్తే వెనక కుడి టైరు ఫెండరు దాటి నాలుగు వేళ్ల వెడల్పు బయటికి వచ్చి ఉంది. ట్యూబు కొస నుంచి గేర్ ఆయిల్ బ్రేకు డ్రమ్ము లోపలికి, అక్కడి నుంచి రిమ్ము మీదికి ధారగా కారుతోంది. షాఫ్టు ముక్క బయటికి లాగితే విరిగిన చోట మెలిక తిరిగిన గీతలు, మధ్యలో బూడిద రంగు గరుకు. స్ప్లైన్లు మొదలయ్యే దగ్గరే తెగింది. అదృష్టం, మెట్టు మీద నెమ్మదిగా ఉన్నప్పుడు జరిగింది.

చక్రాన్ని పట్టీలతో లోపలికి బిగించి కట్టి, ముందు యాక్సిల్ ఒక్కదానితో పాక్కుంటూ కిందికి దించాం.

మట్టిబాట
ఇది చదివాక కిట్ ఆలోచన మానుకున్నాను. కానీ 8.8 కూడా సీ-క్లిప్పే అంటున్నారు కదా?

సీక్లిప్
అవును, సీ-క్లిప్పే. రెండు తేడాలున్నాయి. షాఫ్టు లావు కాబట్టి విరగడం అరుదు. రెండోది, 1995 నుంచి ఎక్స్‌ప్లోరర్‌కి వెనక డిస్క్ బ్రేకులు వచ్చాయి. డిస్క్‌ని క్యాలిపర్ రెండు పక్కలా పట్టుకుని ఉంటుంది కాబట్టి షాఫ్టు విరిగినా చక్రం ఒక్కసారిగా బయటికి పోదు. దాని మీదే ఆధారపడి రోడ్డు మీద నడపమని కాదు, కానీ డ్రమ్ము కంటే చాలా నయం.

నిదానమే_బలం
టీజేకే కంపెనీ వేసిన డానా 44 ఉంది కదా. ఆ మాట ఎవరూ ఎత్తరేం? సీ-క్లిప్ లేదు. 30 స్ప్లైన్లు, 8.5 అంగుళాల రింగ్ గేర్. స్ప్రింగు కుర్చీలు, కంట్రోల్ ఆర్మ్ బ్రాకెట్లు అన్నీ ఉన్న చోటే ఉంటాయి. పాతది విప్పి ఇది బిగించుకోవడమే.

లోరేంజ్
ఎత్తం, ఎందుకంటే దొరకదు. దొరికినా అమ్మేవాడు బంగారం తూచినట్టు తూస్తాడు.

రాతిదారి
44 మంచిదే. దొరికితే తీసుకో, తప్పు లేదు. రెండు జాగ్రత్తలు. ఒకటి, 44 అని చెప్పి 35 అంటగట్టే వాళ్లున్నారు. టీజే యాక్సిల్‌లో ఆయిల్ పోసే బిరడా చూడు: 35కి రబ్బరు బిరడా, 44కి మరలున్న ఇనుప బిరడా. కవరు ఆకారం కూడా వేరు, 35ది కోడిగుడ్డులా ఉంటుంది, 44కి మూలలు తేలి కనిపిస్తాయి. రెండు, డ్రైవ్ షాఫ్టు పొడవు మారుతుంది, కొలుచుకోవాలి.

పినియన్‌పిచ్చి
44లో క్యారియర్ గొడవ కూడా చూసుకోవాలి. 3.73, దానికంటే తక్కువ రేషియోలకి ఒక క్యారియర్, 3.92 పైన ఇంకో క్యారియర్. 3.73 ఉన్న 44 కొని 4.56 వేయాలంటే క్యారియర్ కూడా మార్చాలి. లాకర్ ఎలాగూ వేస్తున్నావు కాబట్టి ఆ రేషియోకి సరిపడే లాకర్ కొంటే సరిపోతుంది, ముందే చూసుకుని ఆర్డర్ పెట్టు. 8.8కి ఆ బాధే లేదు, ఏ రేషియో అయినా ఒకటే క్యారియర్.

ముందు డానా 30కి ఉంది. 3.54 దాకా ఒకటి, 3.73 నుంచి ఇంకోటి. నీది 3.07. అంటే ముందు కూడా క్యారియర్ మార్పు తప్పదు. ఈ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకో, వెనక యాక్సిల్ మోజులో ముందుది మర్చిపోయి ఫోర్ వీల్ లేకుండా నెలలు తిరిగిన బండ్లు నేను చాలా చూశాను.

మట్టిబాట
ముందూ వెనకా రేషియో ఒకటే ఉండాలని తెలుసు. కానీ ఏ రేషియో? కొందరు 4.10 అంటున్నారు, కొందరు 4.56, ఒకాయన 4.88 అన్నాడు.

పినియన్‌పిచ్చి
వాళ్ల మాటలు పక్కన పెట్టి ఇంజన్ తిరుగుడు లెక్కేసుకో. గంటకి ఎన్ని కిలోమీటర్లో దాన్ని 209తో గుణించి, టైరు అంగుళాలతో భాగించు. అది చక్రం ఆర్‌పీఎం. దాన్ని గేరుతో, యాక్సిల్ రేషియోతో గుణిస్తే ఇంజన్ ఆర్‌పీఎం. ఏఎక్స్15 ఐదో గేరు 0.79.

100 కి.మీ. వేగంలో, 33 టైరుతో:
3.07 అయితే 1,535 చిల్లర. ఐదో గేరులో చిన్న ఎత్తుకే మూలుగుతుంది.
4.10 అయితే 2,050.
4.56 అయితే 2,280.

35 టైరుతో 4.10 అయితే 1,935, 4.56 అయితే 2,150.

ఈ 4.0 ఇంజన్‌కి రోడ్డు మీద 2,000 నుంచి 2,300 హాయిగా ఉంటుంది. 33తో ఆగిపోతే 4.10 చాలు. 35 ఖాయమైతే 4.56. 4.88 నీ ఐదు గేర్ల పెట్టెకి ఎక్కువ, రోజూ రోడ్డు మీద తిరిగే బండి కదా.

గ్రీజుచేతులు
రాళ్ల మీద కూడా చెప్పు, దాని కోసమే కదా ఇదంతా.

పినియన్‌పిచ్చి
చెప్తున్నా. మొదటి గేరు, లో రేంజ్ కలిపి 10.4. దాన్ని 3.07తో గుణిస్తే 32, 4.10తో 42.7, 4.56తో 47.5. అంకె పెరిగే కొద్దీ బండి అంత నెమ్మదిగా పాకుతుంది, క్లచ్ తొక్కి పట్టుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. నా మటుకు 32 నుంచి 42కి వెళ్లడమే లాకర్ కంటే ముందు చేయాల్సిన పని.

బురదపులి
ఇది బంగారం లాంటి మాట. క్లచ్ మీద ఊగిస్తూ రాయి ఎక్కేవాడికి ఏ యాక్సిలూ చాలదు. విరిగేది ఆ కుదుపుకే.

ఉక్కుఇరుసు
ఇంతసేపూ చదివాను. మీరంతా 35 టైరు దగ్గరే ఆగిపోతారా? ఇవాళ 33 అన్నవాడు రేపు 35, ఎల్లుండి 37. ఒకేసారి డానా 60 గానీ జీఎం 14 బోల్ట్ గానీ వేసెయ్. ఫుల్ ఫ్లోటింగ్. 14 బోల్ట్ రింగ్ గేర్ పదిన్నర అంగుళాలు, పినియన్‌కి మూడో బేరింగ్ కూడా ఉంటుంది. జీవితంలో మళ్లీ వెనక యాక్సిల్ గురించి ఆలోచించవు.

నిదానమే_బలం
ఫుల్ ఫ్లోటింగ్ అంటే?

ఉక్కుఇరుసు
8.8, 44 లాంటివి సెమీ ఫ్లోటింగ్. షాఫ్టే చక్రాన్ని తిప్పుతుంది, షాఫ్టే బండి బరువూ మోస్తుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో బరువంతా స్పిండిల్ మీద, హబ్ మీద ఉంటుంది. షాఫ్టు పని తిప్పడమే. విరిగితే హబ్ బోల్టులు విప్పి ముక్కలు బయటికి లాగేసి, ముందు యాక్సిల్‌తో ఇంటికి వెళ్లిపోవచ్చు. చక్రం ఎక్కడికీ పోదు. కొండమలుపు చెప్పిన సంగతి అందులో జరగనే జరగదు.

గ్రీజుచేతులు
నువ్వు చెప్పిన గుణాల్లో ఒక్కటీ కాదనను. కానీ టీజేకి 14 బోల్ట్? డ్రమ్ములతో కలిపి దాదాపు పావు టన్ను. అదంతా స్ప్రింగుల కింద బరువు. రోడ్డు మీద ప్రతి గతుకూ నడుం దాకా తెలుస్తుంది. వెడల్పు పెద్ద ట్రక్కుది, కోసి కురచ చేయాలి. చక్రానికి ఎనిమిది బోల్టులు, ముందు నీకు ఐదు. స్టెప్నీ దేనికి సరిపోతుంది? ముందు యాక్సిల్ కూడా మార్చాలి. ఇక నేల ఎత్తు. యాక్సిల్ మధ్యలో ఉండే ఆ గుమ్మడికాయంత గేర్ల ముద్ద కింద 35 టైరు కూడా చిన్నబోతుంది. అడుగు చెక్కి తగ్గించే వాళ్లున్నారు, అది ఇంకో పని.

ఉక్కుఇరుసు
చెక్కితే పోయింది కదా. నేను చెక్కించాను. 37 టైర్ల మీద హాయిగా ఉంది.

గ్రీజుచేతులు
నీది రోడ్డు మీద తిరగని బండి, ట్రెయిలర్ మీద వస్తుంది. నీకు అదే సరైనది. అతనిది రోజూ తిరిగే బండి.

ఉక్కుఇరుసు
అది ఒప్పుకున్నా. 37 ఆలోచన నిజంగా లేకపోతే 60 వద్దులే. ఉంటే మాత్రం మధ్యలో 8.8 మీద డబ్బు పెట్టకు, నేరుగా దూకు.

మట్టిబాట
37 లేదు. ఖాయంగా లేదు. ఇంట్లో వాళ్లు ఇప్పటికే ఎక్కడానికి నిచ్చెన అడుగుతున్నారు.

లోరేంజ్
నిచ్చెన వెనక బంపర్‌కి తగిలించు, యాక్సిల్ కంటే ముందు అదే అప్‌గ్రేడ్ 😄

చక్రధారి
ఫోర్డ్ 9 అంగుళాలది ఎవరూ చెప్పలేదే? గేర్లన్నీ ముందు నుంచి ఒకే ముద్దగా బయటికి వస్తాయి. గేర్లు బల్ల మీద పెట్టి అమర్చుకోవచ్చు. బండి కింద వెల్లకిలా పడుకుని తంటాలు పడక్కర్లేదు.

రాతిదారి
చాలా గట్టిది, కానీ పినియన్ రింగ్ గేర్ మధ్య గీతకి బాగా కిందుగా ఉంటుంది. టీజే వీల్‌బేస్ 93 అంగుళాల చిల్లర, వెనక డ్రైవ్ షాఫ్టు జానెడు. బండి ఎత్తు పెంచాక ఆ కోణం ఇంకా నిటారు అవుతుంది. పొడుగు బండ్లకి నేనూ 9 అంగుళాలదే చెప్తాను. దీనికి చెప్పను.

మట్టిబాట
సరే, 8.8 వైపే మొగ్గుతున్నాను. తుక్కు యార్డులో ఏం చూసి తీయాలి?

లోరేంజ్
1995 నుంచి 2001 మధ్య ఎక్స్‌ప్లోరర్. డిస్క్ బ్రేకులు, 31 స్ప్లైన్లు. 2002 నుంచి నాలుగు తలుపుల ఎక్స్‌ప్లోరర్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది, దాని జోలికి పోకు. రేంజర్ పికప్‌లో దొరికే 8.8 కూడా వద్దు, దాంట్లో షాఫ్టులు ఎక్కువగా 28 స్ప్లైన్లవి, పైగా డ్రమ్ములు.

కవరు బోల్టుకి చిన్న రేకు ముక్క వేలాడుతుంటుంది. తుప్పు గీకి చూడు. 3 73 అని ఉంటే 3.73 ఓపెన్. మధ్యలో ఎల్ అక్షరం ఉంటే, అంటే 3ఎల్73 అని ఉంటే, లిమిటెడ్ స్లిప్ (జారే చక్రాన్ని కొంతవరకు పట్టే డిఫరెన్షియల్). 4.10 అయితే 4 10 గానీ 4ఎల్10 గానీ ఉంటుంది. రేకు ఊడిపోయి ఉంటే కవరు విప్పి పళ్లు లెక్కపెట్టుకోవడమే, 41 బై 10 ఉంటే 4.10.

చక్రధారి
బోల్టుల వరస కూడా టీజేదే, ఐదు బోల్టులు నాలుగున్నర అంగుళాలు. నీ రిమ్ములు అలాగే ఎక్కుతాయి. వెడల్పులో అంగుళం అటూ ఇటూ.

పినియన్‌పిచ్చి
ఇక్కడ ఒక మంచి దారి ఉంది మట్టిబాటా. 4.10 ఉన్న 8.8 దొరికితే వెనక గేర్లు ముట్టుకోనక్కర్లేదు. నాలుగు సిలిండర్ల టీజేల్లో చాలావాటికి ముందు డానా 30లో 4.11 వచ్చింది. ఆ యాక్సిల్ మొత్తం తెచ్చి నీ బండికి బిగించుకో, అన్నీ సరిపోతాయి. 4.10, 4.11 మధ్య తేడా పావు శాతం కూడా లేదు, టైరు గాలి తేడా అంతకంటే ఎక్కువ ఉంటుంది. గేర్లు అమర్చే పని రెండు వైపులా తప్పిపోతుంది. 33 టైరుకి ఇంతకంటే తెలివైన జోడీ లేదు.

మట్టిబాట
ఇది ఎవరూ చెప్పలేదు! మరి 35కి వెళ్తే?

పినియన్‌పిచ్చి
4.10తో 35 కూడా నడుస్తుంది, ఐదో గేరు తక్కువ వాడతావు. అప్పుడు బాగోలేకపోతే అప్పుడే 4.56 వేసుకో.

వెల్డుపూస
ఇక నా వంతు. టీజేలో స్ప్రింగులూ, కంట్రోల్ ఆర్ములూ, పాన్‌హార్డ్ కడ్డీ (యాక్సిల్ పక్కకి జరక్కుండా పట్టేది) అన్నీ యాక్సిల్ మీద వెల్డు చేసిన బ్రాకెట్లకే తగులుకుంటాయి. ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ పట్టీ స్ప్రింగులది, దాని మీదున్నవన్నీ కోసేసి నునుపు చేసి, టీజే బ్రాకెట్లు కొత్తగా వేయాలి. దీనికని కిట్లు దొరుకుతాయి, 8.8 ట్యూబు మూడుంపావు అంగుళాలకి సరిపడా ఒంపుతో. డానా 35వి కోసి అతికించకండి, ఆ ట్యూబు సన్నం, ఒంపు కూర్చోదు.

మొదటి పని బ్రాకెట్లు కాదు. 8.8లో ట్యూబులు మధ్య పోత ముద్దలోకి నొక్కి, రెండు మూడు చోట్ల చుక్క వెల్డు పెట్టి వదిలేస్తారు. గట్టిగా వాడితే ట్యూబు ముద్దలో తిరిగిపోతుంది, పినియన్ ఆకాశం చూస్తుంది. ఆ కీలు చుట్టూ పూర్తిగా వెల్డు చేయాలి. పోత ఇనుము కాబట్టి ముందు బాగా వేడి చేయాలి, నికెల్ కడ్డీ వాడాలి, పూర్తయ్యాక దుప్పటి కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. గబగబా చల్లారితే పూస పక్కనే వెంట్రుకంత చీలిక వస్తుంది, ఆ రోజు కనపడదు.

బ్రాకెట్ల దగ్గర అంగుళం అంగుళం చొప్పున, ఒకసారి ఈ పక్క ఒకసారి ఆ పక్క. ఒకే చోట వరసగా పోస్తే ట్యూబు అరటిపండు ఒంపు తిరుగుతుంది. షాఫ్టులు లోపల పెట్టి చేత్తో తిప్పుతూ ఉండండి, బిగుసుకుంటే వంగినట్టే.

సీక్లిప్
ఈ పోస్టు దాచుకోవాలి. చుక్క వెల్డు సంగతి చాలామందికి తెలియదు.

రాతిదారి
వెల్డుపూస అన్నా, ఒక ప్రశ్న. ముద్ద మధ్యలో ఉండదు కదా, ఒక ట్యూబు పొడుగు ఇంకోటి పొట్టి. పొడుగు వైపు కోసి రెండు పక్కలా పొట్టి షాఫ్టులే వేసే వాళ్లున్నారు. ఇతనికి అవసరమా?

వెల్డుపూస
అలా చేస్తే పినియన్ మధ్యకి వస్తుంది, విడి షాఫ్టు ఒకటే మోసుకెళ్తే చాలు. కానీ యాక్సిల్ మూడు అంగుళాలు కురచ అవుతుంది, చక్రాలు లోపలికి వచ్చి రుద్దుకుంటాయి, స్పేసర్లు పెట్టాలి. కోసి మళ్లీ తిన్నగా అతకడానికి జిగ్ కావాలి. ఇతనికి వద్దు.

కొండమలుపు
పినియన్ కోణం గురించి ఎవరైనా చెప్పండి, నేను కూడా ఇదే పని మొదలుపెడుతున్నా.

వెల్డుపూస
బ్రాకెట్లు ముందు చిన్న చిన్న టాకాలతో ఆపండి. యాక్సిల్ బండి కింద పెట్టి, స్ప్రింగులు ఎక్కించి, బండి బరువు చక్రాల మీద నిలిపాకే కోణం చూడాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు చూసిన కోణం పనికిరాదు. పైన రెండు కీళ్ల డ్రైవ్ షాఫ్టు, అదే డబుల్ కార్డన్ వేస్తుంటే, పినియన్ ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక యాక్సిళ్లకి శక్తి పంచే గేర్ల పెట్టె) వైపు తిన్నగా చూడాలి, ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచితే చాలు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అదే లేస్తుంది. టీజేలో ఎత్తు పెంచిన బండికి ఆ షాఫ్టు వేయాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక జారే యోక్ (డ్రైవ్ షాఫ్టు తగులుకునే ముక్క) తీసేసి స్థిరమైన యోక్ కిట్ పెట్టాలి. అది ఈ పనితోనే కలిపి చేయించుకోండి.

చక్రధారి
8.8 పినియన్ దగ్గర ఫోర్డ్ గుండ్రటి ఫ్లాంజి ఉంటుంది. జీప్ యూ-జాయింట్ దానికి పట్టదు. అడాప్టర్ ఫ్లాంజి గానీ యోక్ గానీ ముందే తెప్పించి పెట్టుకో, చివరి రోజు ఆగిపోయేది అక్కడే.

బురదపులి
లాకర్ ఏది అనుకుంటున్నావు? చిన్న వీల్‌బేస్ బండికి ఆటోమేటిక్ లాకర్ వేస్తే మలుపుల్లో టక్కున పట్టి వదులుతుంది, తడి రోడ్డు మీద తోక విసురుతుంది. నేను మీట నొక్కితే పట్టేదే చెప్తాను, గాలిదైనా కరెంటుదైనా. రోజూ తిరిగే బండి కదా.

ఉక్కుఇరుసు
ఇందులో నీతో ఏకీభవిస్తున్నా, ఆశ్చర్యంగా ఉందా? రోడ్డు బండికి మీటదే.

నిదానమే_బలం
ముందు కొన్నాళ్లు లిమిటెడ్ స్లిప్‌తోనే నడిపి చూడమంటాను. ఎల్ అక్షరం ఉన్న రేకు దొరికితే అది ఉచితంగా వచ్చినట్టే. ఆయిల్ మార్చినప్పుడు ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలి, లేకపోతే మలుపుల్లో కిర్రుమంటుంది.

పినియన్‌పిచ్చి
కొన్నాళ్లు నడిపి చూడటం మంచిదే. ఒకటి గుర్తుంచుకో, చవగ్గా దొరికే లంచ్‌బాక్స్ లాకర్ ఓపెన్ క్యారియర్‌లోనే కూర్చుంటుంది, లిమిటెడ్ స్లిప్ దాంట్లో కూర్చోదు.

మీట లాకర్ వేసిన రోజు క్యారియర్ బయటికి వస్తుంది కాబట్టి బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య సందు) మళ్లీ సరిచూడాలి. చాలా సెట్లకి అంగుళంలో 6 నుంచి 10 వేలవ వంతులు ఉంటుంది, నీ గేర్లతో వచ్చిన కాగితం చూసుకో. పళ్లకి పసుపు రంగు పూసి తిప్పితే పడే మచ్చ పంటి మధ్యలో ఉండాలి, కొసకో వేరుకో పోకూడదు. కొత్త గేర్లు వేస్తే మొదటిసారి 20, 25 కిలోమీటర్లు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వు, 800 కి.మీ. దగ్గర ఆయిల్ మార్చు. పాత గేర్లు కదపకపోతే ఇవేవీ అక్కర్లేదు, అందుకే ఆ 4.10 జోడీ మీద అంత మోజు నాకు.

మట్టిబాట
నిర్ణయం ఇది: 4.10 ఉన్న 8.8, ముందు 4.11 డానా 30, 33 టైర్లు. లాకర్ తర్వాత, మీటదే. ట్యూబు వెల్డు ముందు, బ్రాకెట్లు తర్వాత. ఇక మిగిలింది బ్రేకులు. పార్కింగ్ బ్రేకు ఎలా కలపాలి? డ్రమ్ముల బదులు డిస్కులు పెడితే వెనక ఎక్కువ పట్టేస్తాయా?

చక్రధారి
ఎక్స్‌ప్లోరర్ డిస్క్ లోపలి గిన్నెలో చిన్న షూలు ఉంటాయి, పార్కింగ్ బ్రేకు అవే. యాక్సిల్ తీసేటప్పుడు కేబుళ్లు కోయకుండా చివర్లతో సహా విప్పి తెచ్చుకో. చక్రం వైపు ఎక్స్‌ప్లోరర్ కేబుల్, మీట వైపు టీజే కేబుల్, మధ్యలో కలిపే ముక్క. గొట్టాలు కూడా విరగ్గొట్టకుండా తీయి.

గ్రీజుచేతులు
బ్రేకు వాల్వు మార్చకుండానే చాలామంది నడుపుతున్నారు. ముందు ఖాళీ మట్టి నేల మీద గట్టిగా తొక్కి చూడు. ముందు చక్రాల కంటే వెనకవి ముందు బిగుసుకుంటే తిప్పి సర్దుకునే వాల్వు పెట్టి వెనక ఒత్తిడి తగ్గించాలి. ఇది చూడకుండా రోడ్డెక్కకు.

రాతిదారి
స్పీడోమీటర్ కూడా. టీజేలో అది ట్రాన్స్‌ఫర్ కేసులో ఉన్న చిన్న ప్లాస్టిక్ గేరుతో తిరుగుతుంది. 4.10కి, 33 టైరుకి సరిపడే పళ్లున్నది వేయాలి. ఒక్క బోల్టు పని.

మట్టిబాట
యార్డులో ఎక్స్‌ప్లోరర్లు కొన్ని ఉన్నాయట. రేపు వైర్ బ్రష్, టార్చి పట్టుకుని వెళ్తున్నా. రేకు ఫొటో పెడతాను, ఎల్ ఉందో లేదో మీరే చూసి చెప్పండి.

లోరేంజ్
తుప్పు వదిలించే ఆయిల్ కూడా తీసుకెళ్లు, ఆ కవరు బోల్టులు ఊరికే రావు. క్యాలిపర్ బ్రాకెట్లు అక్కడ వదిలేసి రాకు, విడిగా వెతుక్కోవడం కష్టం.

వెల్డుపూస
యాక్సిల్ నేల మీద పెట్టాక రెండు ఫ్లాంజిలూ చేత్తో తిప్పి చూడు. తిరిగేటప్పుడు ఫ్లాంజి అంచు అటూ ఇటూ ఊగితే షాఫ్టు వంగినట్టు. అది వదిలేసి పక్క బండి చూడు.